లినక్స్ కంప్యూటర్‌లో వైఫై పనిచేయకపోతే సరిచేయడం ఎలా?

ఉబుంటు లేదా డెబియన్ (రెండూ లినక్స్ రకాలే) ఉన్న లాప్‌టాప్‌లో వైఫై రాకపోతే చాలామంది సిస్టమ్‌ను మొదటి నుంచి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధపడతారు. సాధారణంగా అంత అవసరం ఉండదు. లోపం స్విచ్‌లో ఉందా, డ్రైవర్‌లో (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఉందా, రౌటర్‌తో కలవడంలో ఉందా, డీఎన్‌ఎస్‌లో (సైటు పేరును ఐపీ నంబరుగా మార్చే వ్యవస్థలో) ఉందా అని వరుసగా తేల్చుకుంటూ వెళ్ళడమే మేలు. కింది కమాండ్లను టెర్మినల్‌లో (కమాండ్లు ఇచ్చే విండోలో) ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా అదే వైఫై ఫోనుకు అందుతోందో లేదో చూడండి. ఫోనుకూ అందకపోతే చూడవలసినది రౌటర్‌ను.

ఫోనుకు అందుతుంటే, ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ (rfkill list) అని ఇవ్వండి. వైర్‌లెస్ లాన్ కింద ‘సాఫ్ట్ బ్లాక్డ్’ ఎదుట ‘యెస్’ అని ఉంటే ‘ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ (rfkill unblock wifi) అన్న కమాండ్‌తో అది తొలగిపోతుంది. ‘హార్డ్ బ్లాక్డ్’ ఎదుట ‘యెస్’ ఉంటే మాత్రం కమాండ్లతో పని జరగదు. లాప్‌టాప్ అంచున ఉన్న స్విచ్‌నో, కీబోర్డు మీది వైఫై కీనో నొక్కాలి.

తరువాత డ్రైవర్. అసలు చిక్కు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది కనుక కాస్త ఓపికగా చూడాలి. ‘ఎల్ఎస్‌పీసీఐ’ తరువాత ఖాళీ వదిలి, హైఫన్, కె అక్షరం చేర్చి (lspci -k) ఇస్తే కంప్యూటర్‌లోని కార్డుల జాబితా వస్తుంది. అందులో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుస లేకపోతే కార్డు ఉన్నా దాన్ని నడిపే డ్రైవర్ లేదని అర్థం. ఇంటెల్ కార్డులకు డ్రైవర్ లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటుంది గాని, దానికి ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న సాఫ్ట్‌వేర్) ఫైలు కూడా కావాలి. 2023లో వచ్చిన డెబియన్ 12కు ముందు అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు ఆ సంస్థ డ్రైవర్‌ను విడిగా వేసుకోవాలి. ఉబుంటులో అయితే ‘అడిషనల్ డ్రైవర్స్’ తెరిస్తే తగినది చూపిస్తుంది. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలన్న దిగులు అక్కరలేదు: ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు అందించే సెట్టింగు) ఆన్ చేస్తే చాలు. డ్రైవర్ వేశాక కూడా పనిచేయకపోతే సెక్యూర్ బూట్‌ను (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి భద్రతా ఏర్పాటును) అనుమానించండి, ఎందుకంటే డిజిటల్ సంతకం లేని డ్రైవర్ మాడ్యూళ్ళను అది లోడ్ కానివ్వదు.

డ్రైవర్ సవ్యంగా ఉండి, నెట్‌వర్క్ పేరు కనిపిస్తున్నా కలవకపోతే, సేవ్ అయిన ఆ కనెక్షన్‌ను తొలగించి పాస్‌వర్డ్ మళ్ళీ ఇవ్వండి. రౌటర్ పాస్‌వర్డ్ మార్చిన ఇళ్ళలో ఇది తరచుగా ఎదురవుతుంది.

కలిసినా సైట్లు తెరుచుకోకపోతే ‘పింగ్ 8.8.8.8’ (ఇది గూగుల్ సర్వర్ చిరునామా) ఇచ్చి చూడండి. దానికి జవాబు వస్తూ, సైటు పేరుతో పింగ్ చేస్తే రాకపోతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉన్నట్టే. కనెక్షన్ సెట్టింగులలో ఐపీవీ4 కింద డీఎన్‌ఎస్ ఆటోమేటిక్‌ను ఆపి 1.1.1.1 అని రాసి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ కలపండి.

మధ్యమధ్యలో వైఫై తెగిపోతుంటే పవర్ సేవింగ్ కారణం కావచ్చు. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌లోని వైఫై పవర్‌సేవ్ ఫైలులో 3 ఉన్నచోట 2 అని మార్చి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే పవర్ సేవింగ్ ఆగిపోతుంది.