క్లాసులో ‘ది లాటరీ’ చెప్పేవాళ్లకి

షర్లీ జాక్సన్ కథ ‘ది లాటరీ’ని డిగ్రీ పిల్లలకి చెప్పబోతుంటే, ముందు రెండు పీరియడ్లు వరసగా దొరికేలా చూసుకోండి. ఏటా ఊరంతా చీటీలు తీసి, నల్లచుక్క వచ్చినవాళ్లని రాళ్లతో కొట్టి చంపే కథ ఇది, ఆ సంగతి చివర్లో గానీ బయటపడదు. మధ్యలో బెల్లు కొట్టిందంటే మిగతా కథ ఫోన్లో చదివేస్తారు. ముగింపు ముందే తెలిసినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుంటారు. పైకి చదివే పని వాళ్లకే అప్పగించండి. ఇక కథ బయటపెట్టే తీరిక వాళ్లకుండదు.

చీటీలు కత్తిరించి క్లాసులో నిజంగా లాటరీ తీయించే సరదా కొందరు మాస్టార్లకుంటుంది. నేను ఒప్పుకోను. నల్లచుక్క వచ్చిన పిల్లని ఏడాదంతా ఏడిపిస్తారు. దాని బదులు బోర్డు మీద గీయండి, ఎందుకంటే చీటీలు రెండుసార్లు తీస్తారు, పిల్లలు తికమకపడేది అక్కడే. మొదటిసారి ఇంటికొకరు చొప్పున తీస్తారు, చుక్క బిల్ హచిన్సన్‌కి వస్తుంది. రెండోసారి ఆ ఇంట్లో ఐదుగురూ తీస్తారు: బిల్, భార్య టెస్సీ, ముగ్గురు పిల్లలు. చుక్క టెస్సీకి వస్తుంది.

ముందుమాట పొట్టిగా ఉండాలి. 1948 జూన్ 26 ‘న్యూయార్కర్’ సంచికలో వచ్చింది, అప్పటికి రచయిత్రి అమెరికాలో వెర్మాంట్ వైపు ఉండేది. అంతే. కథలో తేదీ జూన్ 27, పొద్దున పది. మూడొందల మంది ఊరు. రెండు గంటల్లోపు ముగించుకుని మధ్యాహ్నం భోజనాలకి ఇంటికెళ్లిపోయే పని. ఈ వివరాలు వాళ్లనే వెతకనివ్వండి.

రెండో పీరియడ్‌లో మళ్లీ మొదటికి వెళ్లండి. రాళ్లు ఎక్కడెక్కడ వచ్చాయో గీత పెట్టించండి. పిల్లలు గుండ్రాళ్లు ఏరి జేబుల్లో పోసుకోవడం రెండో పేరాలోనే ఉంటుంది. మొదటిసారి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

తర్వాత చీటీలు వేసే నల్లపెట్టె దగ్గర ఆగండి, తొందర పడకండి. అసలు పెట్టె ఎప్పుడో పోయింది. ఒకప్పటి చెక్కముక్కల స్థానంలో కాగితాలొచ్చాయి, జనం పెరిగారు కాబట్టి. పాడే పాట, చేసే వందనం కాలక్రమంలో జారిపోయాయి. పెట్టె ఒక ఏడాది కొట్టాంలో, మరో ఏడాది పోస్టాఫీసులో, ఇంకో ఏడాది కిరాణాకొట్టు అల్మరాలో పడుంటుంది. పిల్లల్ని ఇక్కడే అడగండి: ఆచారం మార్చకూడదంటూ ఇన్ని మార్చారే, మార్చనిదేంటి? వెనక బెంచీ నుంచే జవాబొస్తుంది, “రాళ్లు సార్.”

చర్చ మొదలవగానే “ఇది మూఢనమ్మకం” అంటారు. ఆ మాట దగ్గరే పట్టుకోండి. ఈ ఊళ్లో నమ్మేదెవరు? 77వ లాటరీ చూస్తున్న ముసలి వార్నర్‌కి మాత్రం జూన్‌లో లాటరీ జరిగితే మొక్కజొన్న బాగా పండుతుందన్న సామెత గుర్తుంది. కొన్ని ఊళ్లలో మానేశారటని మిసెస్ ఆడమ్స్ చెబితే తిట్టిపోస్తాడు. మిగతావాళ్లకి నమ్మకమూ లేదు, ద్వేషమూ లేదు. ఏటా ఉండే పని, వచ్చి చేసిపోతారు. నాకు ఈ కథలో భయమేసేది అదే.

మా ఆదోని వైపు పిల్లలు దేవరగట్టు బన్ని ఉత్సవం ఎత్తకుండా ఉండరు. దసరా రాత్రి ఉత్సవ విగ్రహాల కోసం కర్రల సమరం, పగిలిన తలలకి పసుపు, చుట్టూ పోలీసులు. మాట్లాడనివ్వండి, అయితే తేడా వాళ్లచేతే చెప్పించండి. అక్కడ రెండు వైపులా కర్రలుంటాయి, ఇక్కడ ఒకామె ఒట్టి చేతులతో నిలబడుతుంది.

టెస్సీని అమాయకురాలిని చెయ్యనివ్వకండి. గిన్నెలు సింకులో వదిలి రానా ఏంటి అని జోకేస్తూ ఆలస్యంగా వచ్చిన మనిషి. చుక్క తనింటికి వచ్చాకే అన్యాయమంటుంది. అంతేనా, పెళ్లయిపోయిన కూతురు ఈవాని కూడా చీటీల్లో కలపమంటుంది! తన వంతు ప్రమాదం తగ్గుతుందని. క్లాసు ఒక్కసారి గొల్లుమంటుంది. ఆ వెంటనే మిసెస్ డెలక్రా గురించి అడగండి. పొద్దున టెస్సీతో నవ్వుతూ కబుర్లాడిన ఆవిడే, చివర్లో రెండు చేతులా ఎత్తాల్సినంత పెద్ద రాయి ఎంచుకుంటుంది. టెస్సీ చిన్నకొడుకు డేవీ చేతిలో ఎవరో గులకరాళ్లు పెడతారు. ఎవరు పెట్టారో రచయిత్రి చెప్పదు. పేరు వెతకమనండి, దొరకదు.

టైముంటే పాఠకుల ఉత్తరాల సంగతి చెప్పండి. ఆ వేసవిలో రచయిత్రికి 300కు పైగా వచ్చాయి, ఎక్కువ భాగం అయోమయం, తిట్లు. కొందరైతే ఇలాంటి లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడొచ్చా అని అడిగారు. దక్షిణాఫ్రికాలో కథని నిషేధించారు.

ఇంటిపనిగా, వచ్చే ఏడాది లాటరీ రోజు డేవీ ఏం చేస్తాడో ఒక పేజీ రాయించండి. “మూఢనమ్మకాలను రూపుమాపాలి” అని ముగించిన పేజీకి నేను సగం మార్కులే వేస్తాను.