ఎండలో బరువు బండి లాగలేక ఎద్దు కూలబడితే ఏం చేయాలి?

మార్చి దాటిందంటే కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల బండ్లు బాగా తగ్గినా, ఇరుకు సందుల్లోకి ఇసుకో ఇటుకో తోలాలంటే చాలా ఊళ్లలో ఇప్పటికీ అవే దిక్కు. మిట్టమధ్యాహ్నం వంతెన ఎక్కే చోట ఎద్దు ముందుకాళ్లు మడిచి కూలబడుతుంది, వెనక ఆటోలవాళ్లు హారన్లు మోగిస్తుంటారు, ఒకాయన వచ్చి తోక మెలిపెడతాడు, ఇంకొకాయన ఫోన్ తీసి వీడియో మొదలుపెడతాడు. ఈ రెండింటి వల్లా ఎద్దుకు ఒరిగేదేమీ లేదు. ముందు ఎద్దును చూడాలి, తర్వాత బండాయనతో మాట్లాడాలి, చట్టం గోల ఆ తర్వాత. చాలామంది చివరిదాంతో మొదలుపెట్టి, గొడవ పెట్టుకుని, ఎద్దును ఎండలోనే వదిలేస్తారు.

1. కాడి దించండి

బండి దొర్లిపోకుండా ముందు రెండు చక్రాలకీ రాళ్లు పెట్టండి. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి నొగను (కాడిని బండికి కలిపే పొడవాటి కర్రను) గట్టిగా పట్టుకుంటేనే మెడ కింద తాడు విప్పాలి. సరుకు ముందుకు జారి ఉంటే తాడు విప్పగానే బరువంతా పడి ఉన్న ఎద్దు మీదకే వస్తుంది, వెనక్కి జారి ఉంటే నొగ ఎగిరి మనుషులకు తగులుతుంది. ముడి బిగుసుకుపోతే తాడు కోసేయడమే, పోయేది తాడే కదా. జోడులో రెండో ఎద్దును కూడా విప్పి పక్కకు కట్టేయండి, లేకపోతే అది బెదిరి లాగితే పడినదానికి మెడ విరుగుతుంది.

పూర్తిగా పక్కకు వాలి పడుకుని ఉంటే అలాగే వదిలేయొద్దు. పశువు చాలాసేపు అలా పడుకుంటే కడుపు ఉబ్బి ఊపిరాడదు. నలుగురు పట్టి, కాళ్లు కిందికి మడిచి, రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టండి, ఒరిగిపోకుండా పక్కన గడ్డిమోపో ఇసుక సంచో పెట్టండి. గొంతులో బలవంతంగా నీళ్లు పోయడం మాత్రం అస్సలు వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది. బక్కెట్టు ముందు పెడితే తాగగలిగిన ఎద్దు తనే మూతి పెడుతుంది. ఒళ్లంతా, ముఖ్యంగా కాళ్లు, మెడ, పొట్ట తడుపుతూ ఉండండి, తడిసిన ఒంటికి గాలి తగిలితే వేడి త్వరగా దిగుతుంది. నడవగలిగితే నీడకు తోలండి, నడవలేకపోతే ఉన్నచోటే టార్పాలినో దుప్పటో పైన పట్టుకోండి.

ఇక డొక్కలు చూడండి. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, చొంగ కారుస్తూ రొప్పుతుంటే వడదెబ్బ కిందే లెక్క. నీడలో, నీళ్లు చల్లాక పావుగంటకు కూడా రొప్పు తగ్గకపోతే, లేక కళ్లు తేలేస్తుంటే, ఇంకేం చూడకుండా 1962కి ఫోన్ చేయండి. అది మన రాష్ట్రంలో పశువుల అంబులెన్సు నంబరు, వైద్యం ఉచితం. ఊరు పేరు, దగ్గర్లో తెలిసిన గుర్తు, ఎద్దు లేవగలుగుతోందా లేదా, ఇవి చెప్పండి చాలు. అంబులెన్సు వచ్చేలోపు దగ్గర్లో పశువుల ఆసుపత్రి ఉంటే ఎవరినైనా అక్కడికీ పరిగెత్తించండి.

2. బండాయనతో మాట్లాడండి

ఇక్కడే చాలామంది తేడా చేస్తారు. "నీకు మనసుందా?" అని మొదలుపెడితే ఆయన రెండో మాట వినడు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆయన వైపే మాట్లాడతారు. ఆ జోడు ఆయన అప్పు చేసి కొనుక్కున్నదై ఉంటుంది, ట్రిప్పుకు ఇంత అని కూలి, బరువు ఎంతనేది ఇసుక వేయించుకునేవాడు చెబుతాడు. "అన్నా, ఎద్దు రొప్పుతాంది, రవ్వంతసేపు నీడకు కట్టేద్దాం, నీళ్లు నేను తెస్తా" అంటే కాదనేవాళ్లు తక్కువ. సగం సరుకు అక్కడే దించేసి రెండు ట్రిప్పులు తోలమనండి. రెండో ట్రిప్పు కూలి ఎవరిస్తారని ఆయన అడుగుతాడు, న్యాయమైన ప్రశ్నే, ఆ సరుకు ఎవరిదో వాళ్లకు ఆయన ఫోన్‌లోంచే కలిపి మాట్లాడండి. బరువు ఎక్కువ వేయించినవాడు ఏసీ గదిలో ఉంటే బండాయన ఒక్కడినే నిలదీయడం నాకైతే సబబు అనిపించదు.

ముల్లుకర్ర కనిపిస్తే మాత్రం మెత్తబడొద్దు. మేకు కొట్టిన కర్రతో పొడిచి తోలడం, బండి లాగే, బరువు మోసే పశువుల కోసం పెట్టిన 1965 నాటి నిబంధనల ప్రకారం నేరం. కాడి రాసుకుని మెడ పుండు పడిన ఎద్దును మళ్లీ బండికి కట్టడం కూడా 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కిందికి వస్తుంది. ఆ సంగతి గొంతు పెంచకుండానే చెప్పొచ్చు.

(మా వైపు బండలాగుడు పోటీలకు పెంచే జోడుకు ఉలవలు, పాలు, పైన ఫ్యాను. అదే వీధిలో ఇసుక తోలే జోడుకు ఎముకలు లెక్కపెట్టొచ్చు.)

3. ఫిర్యాదు చేయాల్సి వస్తే ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి

మాట వినలేదు, లేక అదే బండి రోజూ అదే పని చేస్తోంది. అప్పుడు "బాగా బరువు వేశారండీ" అని రాస్తే లాభం లేదు. 1965 నిబంధనల్లో లెక్కలున్నాయి. ఒక్కొక్కటి 200 నుంచి 350 కిలోలు తూగే రెండు ఎద్దులు కట్టిన రెండు చక్రాల టైరు బండికి 1050 కిలోలు దాటకూడదు, బాల్ బేరింగులు ఉంటే 1400, టైర్లు లేని బండికి 700. ఒంటెద్దు బండికి ఇందులో సగమే. సిమెంటు బస్తా 50 కిలోలు కాబట్టి 21 బస్తాలకే 1050 అయిపోతుంది, ఇసుకైతే ఘనపుటడుగుకు ఎంత లేదన్నా 40 కిలోలు, తడి ఇసుక ఇంకా ఎక్కువ.

రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన 5 గంటలు దాటకూడదు. మనకు అన్నిటికంటే పనికొచ్చేది ఇంకొకటుంది: ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా ఎందుకు, మన దగ్గర ఏప్రిల్ అంతా దాదాపు ఇదే లెక్క. ఆ రోజు ఉష్ణోగ్రతను ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఫొటోలు నాలుగైదు చాలు: సరుకుతో సహా బండి మొత్తం, మెడ మీద పుండు దగ్గర్నుంచి, కర్ర చివర, వెనక దుకాణం బోర్డు కనపడేలా ఒకటి. బండికి నంబరు ప్లేటు ఉండదు కాబట్టి ఎద్దు చెవికి పసుపు ట్యాగు ఉంటే దాని 12 అంకెలు రాసుకోండి, ఆ నంబరుతో పశుసంవర్ధక శాఖవాళ్లకు యజమాని దొరుకుతాడు. బండాయన ముఖం కనిపించే వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం మానేయండి, అది ఫిర్యాదు కాదు.

4. ఎక్కడ ఇవ్వాలి, ఏం ఆశించాలి

అక్కడికక్కడే ఆపాలంటే పోలీసుల అత్యవసర నంబరు 112. తర్వాత రాతపూర్వకంగా స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రసీదు అడగండి. నిజం చెప్పాలంటే 1960 చట్టం కింద మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, టీ ఖర్చుతో సమానం. అందుకే శిక్ష పడాలని కూర్చోకండి, పోలీసులకున్న మిగతా అధికారాలను వాడమని అడగండి. కానిస్టేబుల్ పై ర్యాంకు అధికారి బండిని దగ్గర్లోని వేబ్రిడ్జికి తోలించి తూకం వేయించవచ్చు, అవసరమైతే ఎద్దును స్వాధీనం చేసుకుని పశువైద్యుడికి చూపించవచ్చు. ఫిర్యాదులో ఈ రెండూ చేయమని పేరుపెట్టి రాయండి. యజమాని, సరుకు వేయించినవాళ్లు తెలిస్తే వాళ్ల పేర్లూ చేర్చండి.

పశువును కావాలని నరకడం, విషం పెట్టడం, కాలు విరగ్గొట్టడం లాంటిదైతే సంగతి వేరు. అది భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్, ఐదేళ్ల దాకా జైలు ఉంది, స్టేషన్‌లో ఆ సెక్షన్ పేరెత్తి అడగండి.

స్టేషన్‌లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, స్టేషన్ రసీదు జిరాక్సు జతచేయండి. ఆలస్యం మాత్రం చేయొద్దు, 1960 చట్టం కింద నేరం జరిగిన మూడు నెలలు దాటితే కేసు నడపడానికి వీల్లేదు.