మలావీ పల్లెలో చెనక్కాయల సంఘం పెట్టాలంటే

తిరుపతి వ్యవసాయ కాలేజీలో చదువుకున్న పిల్లలకు ఆఫ్రికాలో ఫీల్డ్ ఉద్యోగం వస్తే, పాకాలలో ఉన్న నాకు ఫోన్ చేస్తారు. నేను మలావీలో, జాంబియా సరిహద్దున ఉన్న మ్చింజీ జిల్లా పల్లెల్లో చానా ఏళ్లు పనిచేసి వచ్చాను కాబట్టి. అందరూ అడిగేది ఒకటే: "అక్కా, పల్లెలో ఆడవాళ్లకు ఏ మిషన్ ఇప్పిస్తే బాగుంటుంది? నూనె మిషనా, పీనట్ బటర్ మిషనా?"

నూనె మిషన్, బటర్ మిషన్ సంగతి ఆఖర్న చూడండి. ఆ ఊరికి ముందు కావాల్సింది బాగా ఎండిన కాయ, ఫిబ్రవరిలో చేతిలో నాలుగు డబ్బులు. ఈ రెండూ లేనిచోట ఏ మిషన్ దించినా తుప్పు పట్టిపోతుంది. ఏదో ప్రాజెక్టువాళ్లు ఉత్తినే ఇచ్చిపోయిన నూనె మిషన్ మీద కోళ్లు పడుకోవడం కళ్లారా చూశాను.

ఫిబ్రవరే ఎందుకంటే, అక్కడ వానాకాలం ఒక్కటే. నవంబరులో వాన పడితే మొక్కజొన్న, చెనక్కాయ వేస్తారు. కోత ఏప్రిల్, మే నెలల్లో. జనవరి నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీ. చాలా కుటుంబాలకు రెండున్నర ఎకరాల భూమి కూడా ఉండదు. ఆ మూడు నెలల్లో పిల్లలకు న్సిమా (మొక్కజొన్న సంకటి) వండటానికి పిండి లేక, చేలో ఉన్న పంటనే వ్యాపారికి ఒప్పుకుని అడ్వాన్స్ తీసుకుంటారు. కాయ భూమిలో ఉండగానే ధర తెగిపోతుంది. తర్వాత మనం గ్రేడింగ్ అనీ మార్కెటింగ్ అనీ ఎంత చెప్పినా, అమ్మడానికి వాళ్ల దగ్గర సరుకేదీ?

అందుకే పొదుపు గుంపులతో మొదలుపెట్టండి. కొత్తగా పెట్టక్కర్లేదు, 'బ్యాంక్ మ్‌ఖొండే' పేరుతో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. 1991లో నైజర్ దేశంలో కేర్ సంస్థ మొదలుపెట్టిన ఈ తరహా పొదుపు ఆఫ్రికా అంతా పాకింది. మన డ్వాక్రా సంఘాలకు బ్యాంకు లింకేజీ ఉంటుంది. వాళ్లకుండేది ఒక ఇనప్పెట్టె, దానికి మూడు తాళాలు. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. ముగ్గురూ వస్తేగానీ పెట్టె తెరుచుకోదు. ఏడాది చివర ఉన్నదంతా వాటాల ప్రకారం పంచేసుకుంటారు.

చిక్కు ఆ పంపకం దగ్గరే. నవంబరు, డిసెంబరుల్లో పంచుకుంటే విత్తనానికి, ఎరువుకు పనికొస్తుంది కానీ ఫిబ్రవరికి పెట్టె ఖాళీ. నా సలహా: నాలుగో వంతు పంచకుండా ఉంచమనండి. అదీ నోట్ల రూపంలో వద్దు. 2022 మేలో మలావీ రిజర్వ్ బ్యాంకు అక్కడి డబ్బు క్వాచా విలువను తగ్గించడంతో డాలరు ధర 25 శాతం పెరిగింది, 2023 నవంబరులో ఇంకో 44 శాతం. పెట్టెలో దాచిన డబ్బు పెట్టెలోనే కరిగిపోయింది. కాబట్టి కోతలప్పుడే గుంపు తరఫున కాయల మూటలు కొని పెట్టి, ధర బాగా పెరిగిన జనవరిలో అమ్మి, ఆ డబ్బు సభ్యులకు అప్పుగా తిప్పాలి. బాగా ఎండిన, ఒలవని కాయైతే ఒలిచిన పప్పుకంటే పురుగునూ బూజునూ ఎక్కువ తట్టుకుని నిలవుంటుంది.

ఇక ఎండబెట్టడం. ఈ విషయంలో వాళ్లు మనకంటే అదృష్టవంతులు. మన వైపు కాయ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈశాన్య వానలు నెత్తిన పడతాయి. మా అవ్వ మబ్బు పడితే చాలు, అందరినీ కల్లంలోకి తరిమేది. అక్కడ పీకే నాటికి వానలు తగ్గిపోతాయి. అయినా పీకిన చెట్లను నేల మీదే పరిచేస్తే రాత్రి మంచు, మట్టి తేమ కలిసి కాయలో బూజు లేపుతాయి. దీనికి 'మండేలా కాక్' అని ఒక పద్ధతి ఉంది. చెట్లను ఒకటి రెండు రోజులు వాడిపోనిచ్చి, కొమ్మలు పరిచి ఎత్తు చేసిన చోట గుండ్రంగా వామి వేస్తారు. కాయలు లోపలికి, ఆకు బయటికి. నడిమధ్య బావిలా ఖాళీ వదిలి, పైన గొడుగులా ఆకు కప్పుతారు. గాలి మధ్యలోంచి పైకి తన్ని కాయను నీడలోనే ఆరబెడుతుంది. రెండు మూడు వారాలు కదపకూడదు. తేమ ఏడెనిమిది శాతానికి దిగాలి. మీటరు లేకపోతే కాయను చెవి దగ్గర ఊపండి, గలగలమనాలి. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే ఎర్రపొర ఊడిరావాలి. పొర వేలికి అంటుకుంటే ఇంకో వారం ఆగండి.

ఇంత చేశాక మొత్తం పాడయ్యేది ఒలిచేటప్పుడు. బాగా ఎండిన కాయ డొక్క గట్టిగా ఉంటుంది. మూటలకు మూటలు ఒలిస్తే బొటనవేలు పుండు పడుతుంది. అందుకని కాయల మీద నీళ్లు చల్లి, నానాక ఒలుస్తారు. వ్యాపారికి తూకం పెరుగుతుంది, ఆయనా అడ్డుచెప్పడు. ఆ తడితోనే సంచిలో కట్టేస్తే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే ఆరా తీయగా, దాణాలో వేసిన చెనక్కాయ చెక్కలో బయటపడింది ఇదే. లివర్ క్యాన్సర్ తెస్తుంది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. నేరుగా తినే పప్పుకు మన దేశంలో కిలోకు 10 మైక్రోగ్రాముల దాకా అనుమతి ఉంది, యూరప్‌లో 4 మాత్రమే. మలావీ చెనక్కాయకు యూరప్ తలుపులు మూసుకోవడానికి పెద్ద కారణం ఇదే.

కాబట్టి గుంపుకు మీరు ఇప్పించాల్సిన మొదటి సామాను చేత్తో తిప్పి, కాయలు కొట్టి పప్పు తీసే మిషన్. కరెంటు అక్కర్లేదు. నీళ్లు చల్లొద్దని లెక్చర్ ఇచ్చేకంటే, నీళ్లు చల్లాల్సిన అవసరమే లేకుండా చేయడం మేలు. ఒక్క జాగ్రత్త: చాలింబానా అనే పాత రకం గింజ లావు. పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తెచ్చిన సి.జి.7 రకం గింజ వేరే సైజు. రెండూ కలిపి పోస్తే ఒకే జల్లెడకు ఇమడవు, సగం పప్పు బద్దలవుతుంది. రకాల వారీగా విడిగా కొట్టాలి.

తర్వాత ఏరడం. చేటలో పోసుకుని ముడతలు పడ్డవి, రంగు మారినవి, బద్దలు, బూజు పట్టినవి తీసేస్తే విషంలో చాలా భాగం వాటితోనే పోతుంది. ఇక్కడ మీరు కళ్లు తెరుచుకుని చూడాల్సింది ఒకటుంది. ఏరిన మంచి పప్పు పట్నానికి పోతుంది, ఏరి పక్కన పెట్టిన చెత్త వాళ్ల వంటింట్లోకే పోతుంది. దాన్నే దంచి న్సిన్‌జీరో పిండి చేసి కూరల్లో వేస్తారు, పిల్లలకు గంజిలో కలుపుతారు. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఆదాయం పెరుగుతుంది, ఊళ్లో పిల్లలు విషం తింటారు. ఆ చెత్తను గుంపే తూకానికి కొని, అందరి ముందూ కాల్చేయాలి. ఖర్చులో రాసుకోండి. గొడ్లకు పెడదామా అంటారు, వద్దు. పాడి ఆవు తింటే ఆ విషం పాలల్లోకి దిగుతుంది. మన చిత్తూరు పాడి రైతులకూ ఇదే మాట చెప్తాను, బూజు పట్టిన చెక్క చవకగా దొరికినా ఆవు ముందు పెట్టకండి.

ఒలిచి అమ్మితే లాభమా, కాయగా అమ్మితే లాభమా అన్నది ఊహతో తేల్చొద్దు, ప్రతి సీజన్‌లోనూ లెక్క వేయండి. కాయ కిలో 100 అనుకుందాం. 100 కిలోలకు 10,000. ఒలిస్తే 68 కిలోల పప్పు, ఏరాక 63 మిగులుతుంది. అంటే పప్పు కిలో 159 పలికితే అసలు మాత్రమే వచ్చినట్టు. కూలి, సంచులు, రవాణా దానిపైన. 160కి అడుగుతుంటే కాయగానే ఇచ్చేయమనండి, ఒలిచిన శ్రమ వృథా. ఈ లెక్క గుంపులో కనీసం ఇద్దరికి నోటికి రావాలి.

సైకిల్ మీద వచ్చే వ్యాపారి త్రాసును నమ్మకండి. గుంపుకు సొంతంగా వేలాడదీసే కాటా కొనండి. దాంతోపాటు తూకం ఖాయంగా తెలిసిన ఇనపగుండు ఒకటి ఉంచండి. వ్యాపారి కాటాకు మొదట దాన్ని తగిలించి చూశాకే మూటలు బయటికి తేవాలి.

మగవాళ్ల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. అక్కడ చెనక్కాయ ఆడవాళ్ల పంట, పొగాకు మగవాళ్ల పంట. చెనక్కాయలో డబ్బు కనబడగానే అదీ చేతులు మారుతుంది. మొదటి మీటింగుకే మొగుళ్లనూ పిలవండి. పుస్తకం ఎవరి పేరున ఉంటుందో, డబ్బు ఎవరి చేతికి ఇస్తారో వాళ్ల ముందే చెప్పించండి.

ఇక మీకు మన చిక్కీ అక్కడ పెట్టాలని ఆశ పుడుతుంది, తెలుసు. ఆ ఆశ మానుకోండి. పల్లెలో రోజూ చక్కెర కొనేవాళ్లు ఎందరు? దూరం నుంచి కొనేవాణ్ణి వెతుక్కునే బదులు, అక్కడ రోజూ తినేదే శుభ్రంగా అమ్మండి. ఏరిన పప్పుతో చేసిన న్సిన్‌జీరో పిండి చిన్న ప్యాకెట్లలో వారం సంతలో పోతుంది. ఎక్కువ మొత్తంలో మంచి పప్పు చేతికొస్తే, పోషకాహార లోపమున్న పిల్లలకిచ్చే చెనక్కాయ పేస్టును బ్లాంటైర్‌లో తయారు చేస్తున్నారు. పరీక్షలో నెగ్గిన పప్పే తీసుకుంటారు. అక్కడికి వెళ్లేముందు మీ ఖర్చుతోనే ఒక శాంపిల్ పరీక్ష చేయించండి.

నూనె మిషన్ అడిగారు కదా. రెండు కోతల పాటు గుంపు సొంత డబ్బుతో కాయలు కొని, ఎండిన సరుకు జనవరి దాకా నిలబెట్టి అమ్మిందనుకోండి, అప్పుడు వాళ్లే వచ్చి మిషన్ అడుగుతారు. సగం ధర వాళ్ల పెట్టెలోంచి పెట్టమనండి. చెడిపోతే బాగుచేసే మెకానిక్ సైకిల్ దూరంలో ఉన్నాడో లేదో చూసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.