పెద్ద కుంచె ముందు, సన్న కుంచె తర్వాత

చిన్న చేతికి చిన్న బ్రష్షే నప్పుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడే పొరపాటు. మూడు నాలుగేళ్ల పిల్లలు రంగులు వేస్తుంటే చెయ్యి భుజం నుంచి, మోచేతి నుంచి ఆడుతుంది. వేళ్లతో కుంచెను తిప్పుకునే పట్టు ఇంకా రాదు. ఆ చేతికి సన్నటి 2 నంబర్ బ్రష్ ఇస్తే కాగితం ఎంతకీ నిండదు. నొక్కి రుద్దేస్తారు. కుచ్చు విచ్చుకుపోతుంది, తడిసిన కాగితం పొట్టు లేస్తుంది.

మూడు చాలు: అంగుళం వెడల్పు ఫ్లాట్ (చదును కుచ్చు) బ్రష్, 12 నంబర్ రౌండ్ (గుండ్రటి కుచ్చు), 6 నంబర్ రౌండ్. నంబర్లు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చూసి కొనండి. నైలాన్ కుచ్చు, పొట్టిగా లావుగా ఉండే పిడి అయితే మేలు. కాగితం ఏ3 సైజు, 200 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే మందపాటి కాగితం). నాలుగు మూలలా టేపు వేయండి, లేదంటే బ్రష్‌తో పాటు కాగితమూ వచ్చేస్తుంది. రెండు చెంచాల పోస్టర్ కలర్‌లో అర చెంచా నీళ్లు కలిపి చూడండి. బ్రష్ ఎత్తితే రంగు నెమ్మదిగా జారి బొట్టుగా పడాలి. చిక్కగా ఉంటే ఇంకొన్ని చుక్కల నీళ్లు.

మొదటిరోజు ఒక్క రంగు, ఒక్క ఫ్లాట్ బ్రష్. ముందు నేర్పాల్సింది ముంచడం. కుచ్చు సగం వరకే ముంచి, రెండు వైపులా గిన్నె అంచుకు ఒత్తి తీయాలి. రేకు (కుచ్చును పిడికి పట్టి ఉంచే లోహపు భాగం) దాకా ముంచితే రంగు పిడి మీదుగా మోచేతికి కారడం ఒక్కటే కాదు, రేకులోకి పోయి ఎండి వెంట్రుకలను విడదీస్తుంది. ఆ బ్రష్‌కు ఇక మొన కుదరదు. ముంచడం వచ్చాక వెడల్పుగా ఒక పట్టీ లాగించండి, తర్వాత అదే బ్రష్‌ను పక్కకు తిప్పి అంచుతో గీయించండి. ఒకే కుంచెకు రెండు రకాల గీతలా అని పిల్లలు తెల్లబోతారు. కాసేపు అదే ఆట ఆడనివ్వండి.

12 నంబర్‌తో ఆకు వేయించండి. మొన ఆనించి, నొక్కి, కొంచెం లాగి, మెల్లగా పైకెత్తాలి. నొక్కినచోట పొట్ట, ఎత్తినచోట కొన. వాళ్ల చెయ్యి పట్టుకుని దిద్దించకండి, ఎంత నొక్కాలో వాళ్లకే తెలియాలి. పక్కన మీ కాగితం మీద వేసి చూపిస్తే సరిపోతుంది.

6 నంబర్ కళ్లకు, ఈనెలకు, చుక్కలకు. అదీ కింది రంగు ఆరాకే. వేలి వెనకవైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. ఇప్పుడు చుక్క పెడితే పాకిపోతుంది.

రెండో రంగు ఇచ్చినప్పుడు దానికి వేరే బ్రష్ ఇవ్వండి. పసుపు, నీలం కలిసి ఆకుపచ్చ వస్తే సంబరమే, పైన ఎరుపు కూడా చేరితే మాత్రం మిగిలేది బురద రంగు.

అయిపోగానే చన్నీళ్లతో కడిగి, అరచేతిలో కాస్త సబ్బు వేసి తిప్పండి. వేళ్లతో మొన సరిచేసి పడుకోబెట్టి ఆరనివ్వండి. గ్లాసు నీళ్లలో తలకిందులుగా వదిలేస్తే తెల్లారేసరికి కుచ్చు వంగి ఉంటుంది.