కంట్రోల్ ఏ పనిచేస్తలేదా? కీ ఎక్కడ ఆగిందో ముందు చూడుర్రి

మిర్యాలగూడల రైస్‌మిల్లుల లైనక్స్ సర్వర్లు చూసుకునుడు నా పని. వడ్ల సీజన్‌ల వచ్చే ఫోన్లల్ల ఎక్కువ ఇదే మాట: "అన్నా, నిన్నటిదాక మంచిగనే ఉండె. ఇయ్యాల కంట్రోల్ ఆర్ కొడితే పాత కమాండ్ దొర్కుతలేదు." కమాండ్లు ఫోన్‌ల చెప్పినట్టే రాస్తున్న, టైప్ చేసేది మీరే.

ముందుగాల క్యాట్ అని కొట్టి ఎంటర్ నొక్కుర్రి. తర్వాత కంట్రోల్ వీ, దానెంక మొరాయించిన కీ. టోపీ గుర్తు (^), పక్కన ఆ అక్షరం పడ్డయంటే కీ చేరుతున్నది, తేడా షెల్‌లనే (మీ కమాండ్లు తీసుకొని నడిపించే ప్రోగ్రాం) ఉన్నది. ఏం పడకుంటే నడుమ ఎవరో మింగుతున్నరు. ఒక్క కిటికీల చాన షెల్‌లు నడిపే స్క్రీన్ అనే ప్రోగ్రాంల ఉంటే కంట్రోల్ ఏ అదే తీసుకుంటది, దాని తర్వాత ఉత్త ఏ నొక్కాలె. అసొంటిదే టీమక్స్ అయితే కంట్రోల్ బీ తీసుకుంటది, రెండుసార్లు కొట్టాలె. చూసుడు అయినంక కంట్రోల్ సీతోని బయటికి రార్రి.

కీ చేరుతున్నది, షెల్ జడ్‌షెల్ (షెల్‌లల్ల ఒక రకం) అయితే నా అనుమానం ముందు ఎడిటర్ లైన్ (ఫైళ్లు దిద్దే ప్రోగ్రాం ఏదో చెప్పే సెట్టింగ్) మీదికే పోతది. 2019ల వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌ల కొత్త అకౌంట్లకు ఇదే షెల్. ఎవరో ఎడిటర్‌ను విమ్ (vim) అని పెడ్తరు. ఆ పేర్ల వీఐ (vi) అన్న అక్షరాలు కనపడంగనే జడ్‌షెల్ కీలన్నీ వీఐ అనే పాత ఎడిటర్ పద్ధతికి మార్చేస్తది. తెరిచి ఉన్న కిటికీల ఏం తెల్వది, కొత్త కిటికీ తెరిచినప్పుడే బయటపడ్తది. అందుకే "నేనేం ముట్టలే" అంటరు పోరగాళ్లు. కంట్రోల్ ఏ కొడితే లైన్ మొదటికి పోదు, ^ఏ అని పడ్తది. డాట్ జడ్ ఎస్ హెచ్ ఆర్‌సీ ఫైల్‌ల (షెల్ తెరువంగనే చదివే సెట్టింగుల ఫైల్) బైండ్‌కీ, స్పేస్, మైనస్ ఈ అని రాయుర్రి. మీ సొంత బైండ్‌కీ లైన్లు ఉంటే వాటికి పైన్నే రాయాలె, కిందికి పోతే అవి పనిచెయ్యవు. బాష్ అనే ఇంకో షెల్‌ల అయితే సెట్, స్పేస్, మైనస్ ఓ, స్పేస్, ఈమ్యాక్స్ అని రాయుర్రి.

ఇగ స్క్రీన్ మొత్తం బిగుసుకపోయి ఉలుకు పలుకు లేకుంటే, ఎక్సెల్‌ల సేవ్ చేసే అలవాటుకొద్ది కంట్రోల్ ఎస్ తగిలి ఉంటది. కంట్రోల్ క్యూ కొట్టుర్రి. అంతల ఆగమై ఏదిబడితే అది టైప్ చేసి ఎంటర్లు కొట్టకుర్రి, విడిచినంక అవన్నీ నడుస్తయి. ఎస్‌టీటీవై, స్పేస్, మైనస్ ఐఎక్స్ఓఎన్ అనే లైన్ ఆర్‌సీ ఫైల్‌ల పెడితే ఆ బాధనే ఉండదు.