చెక్క కదురుకి దూది పరీక్ష

చెక్క కదురుతో వడికేటప్పుడు దారం మాటిమాటికీ తెగుతుంటే ముందు మీ చేతిని కాదు, కదురుని అనుమానించండి. చిన్న దూది పింజ తీసుకుని కదురు పుల్ల పొడవునా, దానికి తొడిగిన గుండ్రటి బిళ్ళ అంచు చుట్టూ మెల్లగా రాయండి. పీచు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ చెక్క గరుగ్గా ఉన్నట్టే. వేలికి తగలని పేడు కూడా దూదికి దొరికిపోతుంది.

అక్కడ 400 నంబరు సాండ్‌పేపర్‌తో చెక్క నార వెంటే రుద్దండి, అడ్డంగా రుద్దితే కొత్త గీతలు పడతాయి. తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తడికి సన్నటి నూగు లేస్తుంది, దాన్ని 600 నంబరుతో తేలిగ్గా తీసేయాలి. చాలామంది వదిలేసేది ఈ పనే, అసలు నునుపు వచ్చేది మాత్రం దీంతోనే. (వార్నిష్ వేసిన కదురుకి ఇది అక్కర్లేదు.) చివర్లో తేనెమైనం పల్చగా పట్టించి పొడిగుడ్డతో గట్టిగా తుడవండి. వంటనూనె వద్దు. చాలా వంటనూనెలు సరిగ్గా ఆరవు, జిడ్డు దారానికి అంటుతుంది, కొన్నాళ్ళకి కంపు కూడా.

బిళ్ళని ఒకేచోట ఎక్కువ అరగదీస్తే బరువు ఒకవైపుకి తూగి కదురు ఊగుతుంది, అందుకే చుట్టూ సమానంగా రుద్దాలి. కొక్కెం లేని కదురైతే దారం ముడి వేసే పైకొనని అలాగే వదిలేయండి. మరీ నున్నగా చేస్తే ముడి జారిపోతుంది.

ఇంత చేసినా తెగుతోందా? బరువు చూడండి. పత్తి పీచు పొట్టిది, బరువైన కదురు వేలాడితే తట్టుకోలేదు. దానికి గిన్నెలో ఆనించి తిప్పే తేలికపాటి కదురు మేలు.