గాయకులు, సంగీతకారులు మేనేజర్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు జాగ్రత్తలు

☐ మీకు మేనేజర్ ఇప్పుడే అవసరమా? పాటలు లేనప్పుడు ఏ మేనేజర్ అయినా అమ్మగలిగింది ఏమీ ఉండదు.

☐ కమీషన్ సాధారణంగా 15 నుంచి 20 శాతం. అసలు పేచీ అది దేని మీద అన్నదే. మొత్తం రాబడి మీదా, ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా? టూర్‌లో ప్రయాణాలు, సౌండ్, వాద్యకారుల ఫీజులు పోగా మీకు పదో వంతే మిగిలితే, మొత్తం రాబడి మీద 20 శాతం ఇచ్చాక మీరే ఎదురు కట్టుకోవాలి. కాగితం మీద రాయించుకోండి.

☐ ఒప్పందం ముగిశాక కూడా పాత పాటల మీద కమీషన్ వెళ్తుంటుంది. ఏటా తగ్గుతూ ఎప్పటికి ఆగుతుందో తేదీతో సహా ఉండాలి.

☐ బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, స్టేట్‌మెంట్లు మీరే చూడాలి. పేరుమోసిన కెనడా గాయకుడు, కవి లెనర్డ్ కోహెన్ అంతటివాడే తన మేనేజర్ డబ్బు కాజేసిందని 2005లో కోర్టుకెక్కాడు. 2006లో 90 లక్షల డాలర్ల తీర్పు వచ్చింది. అయినా పోయిన డబ్బు సంపాదించుకోవడానికి డెబ్బై దాటాక మళ్లీ టూర్లు తిరిగాడు.

☐ పాటల హక్కుల్లో వాటా అడిగితే ఆగండి. కమీషన్ వేరు, యాజమాన్యం వేరు.

☐ లాయర్ మీ సొంత లాయరే కావాలి. మేనేజర్ చూపించినవాడు వద్దు, ఎంత మంచివాడైనా సరే.